పాత అప్‌రైట్ పియానో: హ్యామర్ వెనక్కి రాకపోతే, మీట పలకకపోతే

మీట బిగుసుకుంది కదా అని నూనె గానీ డబ్ల్యూడీ-40 గానీ వేయకండి. యాక్షన్‌లో (మీట నొక్కితే హ్యామర్, అంటే సుత్తి, తీగను కొట్టేలా చేసే యంత్రాంగంలో) ప్రతి జాయింటూ ఫెల్ట్ బట్టలో తిరిగే సన్నని పిన్ను. నూనె ఆ బట్టలో దుమ్మును పట్టి ఉంచుతుంది, చెక్కలోకి దిగుతుంది. ఆ తర్వాత అక్కడ జిగురు కూడా అంటుకోదు.

హ్యామర్ తీగ దగ్గరే ఆగిపోతోంది, లేదా మెల్లగా వస్తోంది

ముందు పలక తీసి, మీట నొక్కి వదిలి, హ్యామర్‌ను వేలితో మీ వైపు లాగండి. బరువుగా కదిలితే తప్పు హ్యామర్ బట్ (హ్యామర్ కాడ కింది చెక్క ముక్క) జాయింట్‌ది. దాని స్ప్రింగ్ విరిగిందేమో కూడా చూడండి. హ్యామర్ చురుగ్గా వచ్చి మీట మాత్రం కిందే ఉండిపోతే, విప్పెన్‌ను (మీట వెనుక చివర పైకి తోసే భాగాన్ని) పైకెత్తి పట్టుకుని మీటను ఆడించండి. అప్పుడూ బిగువుగా ఉంటే మీట రంధ్రంలోని ఫెల్ట్ ఉబ్బినట్టు. తేలిగ్గా ఆడితే విప్పెన్ జాయింట్ బిగిసినట్టు.

కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలంలో చాలా మీటలు ఒకేసారి బిగిస్తే కారణం తేమే. అప్పుడు పిన్నులు మార్చొద్దు, వేసవికి అన్నీ వదులవుతాయి. ముందు గది తేమ తగ్గించండి. ఒకటి రెండే అయితే డిస్టిల్డ్ వాటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సమపాళ్లలో కలిపి, బిగిసిన జాయింట్ బట్టకు రెండు వైపులా ఒక్కో చుక్క వేసి, పూర్తిగా ఆరాకే చూడండి. బట్ట ఉబ్బి పిన్నుకు ఒత్తుకుంటుంది, ఆరాక కాస్త వదులవుతుంది.

పిన్నుకు పచ్చ చిలుము పట్టి ఉంటే ఈ మందు చాలదు. పిన్ను నెట్టేసి, బట్టను రీమర్‌తో (రంధ్రం సవరించే సన్నని పనిముట్టుతో) సవరించి కొత్తది వేయాలి. 20వ నంబరు పిన్ను 1.27 మి.మీ. పాతది కొలిచి చూసుకోండి. పిన్ను బట్టలో తిరగాలి గానీ, బట్ చెక్కలో కదలకూడదు. హ్యామర్‌ను పట్టుకుంటే స్క్రూతో ఉన్న ఫ్లాంజ్ (బట్‌ను యాక్షన్‌కు బిగించే చిన్న చెక్క) తన బరువుకే నెమ్మదిగా వాలాలి. టపీమని పడితే వదులు, నిలిచిపోతే బిగువు. పక్కలకు ఊగకూడదు.

ఒకసారి మోగి, వెంటనే మళ్లీ నొక్కితే పలకదు

జాక్ (విప్పెన్ మీద నిలబడి బట్‌ను తోసే ముక్క) తిరిగి బట్ కిందకు రావడం లేదు. జాక్ స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు, దాని పిన్ను బిగిసి ఉండొచ్చు, లేదా క్యాప్‌స్టన్ (మీట వెనుక చివర విప్పెన్‌ను మోసే, తిప్పి ఎత్తు మార్చే బొడిపె) మరీ పైకి తిప్పి ఉండొచ్చు. క్యాప్‌స్టన్‌ను హ్యామర్ కదలబోయేదాకా ఎక్కించి, చిటికెడు దించండి.

బ్రైడిల్ పట్టీలు తెగిపోయాయి

ఇవి బట్‌ను విప్పెన్‌తో కలిపే చిన్న పట్టీలు. ఒకటి తెగితే మిగతావీ చివికినట్టే. 88 కూడా మార్చండి. కార్క్ చివర ఉన్నవి అయితే బట్ ఊడదీయకుండానే రంధ్రంలో దూర్చవచ్చు. ఎడమ పెడల్ నొక్కినప్పుడు మీటలు కదిలితే పట్టీలు పొట్టివి, లేదా పట్టీలు తగిలించే సన్నని వైర్లను (మోగే తీగలను కాదు) వంచాలి. పట్టీలు లేకుండా యాక్షన్ బయటికి తీస్తే విప్పెన్‌లు జారి జాక్‌లు పక్కకు పోతాయి. తిరిగి పెట్టేటప్పుడు ప్రతి జాక్‌నూ చేత్తో బట్ కిందకు సరిచేయాలి.