బఫర్ జోన్‌లో గస్తీ: ఉల్లంఘనను గుర్తించడం, నమోదు చేయడం

కాల్పుల విరమణ తర్వాత రెండు సైన్యాల మధ్య ఖాళీగా ఉంచే నేలే బఫర్ జోన్. అక్కడ ఒప్పందం అమలవుతోందా అని చూసే ఐరాస మిలిటరీ అబ్జర్వర్ (సైనిక పరిశీలకుడు) దగ్గర తుపాకీ ఉండదు. మ్యాప్, జీపీఎస్, దిక్సూచి, బైనాక్యులర్స్, వైర్‌లెస్ సెట్, నోట్‌బుక్ ఉంటాయి. అతని బలమంతా రాసే రిపోర్టులోనే. ఇక్కడి ఉదాహరణలు ఇథియోపియా–ఎరిట్రియా సరిహద్దువి. 1998 మేలో సరిహద్దు ఊరు బద్మె దగ్గర మొదలైన యుద్ధం 2000 జూన్‌లో కాల్పుల విరమణతో ఆగింది. తర్వాత భద్రతామండలి 220 మంది అబ్జర్వర్లతో కలిపి 4,200 మంది దాకా సైనికులను అనుమతించింది. పడమటి సెక్టార్‌లో జోర్డాన్, మధ్యలో భారత్, తూర్పున కెన్యా బెటాలియన్లు పనిచేశాయి.

ముందు కాల్పుల విరమణ ఒప్పందం చదవాలి, అదీ పెన్సిలు పట్టుకుని. 2008లో ఐరాస మిషన్ ముగిసేదాకా అక్కడి ఒప్పందం ప్రకారం జోన్ వెడల్పు 25 కిలోమీటర్లు. ఫిరంగి గుండు అందని దూరం చూసి పెట్టిన లెక్క అది. జోన్ మొత్తం ఎరిట్రియా నేల మీదే ఉండేది. లోపల ఎరిట్రియా సైన్యం ఉండకూడదు కానీ పోలీసులు, మిలీషియా (స్థానిక సాయుధ దళం) ఉండొచ్చన్నది అప్పటి నిబంధన. అంటే తుపాకీ కనిపించినంత మాత్రాన ఉల్లంఘన కాదు. ఎవరి తుపాకీ, ఏ రకం, మనిషి ఒంటిమీద ఏ బట్టలు, గుంపు ఎంత అన్నది చూడాలి. బట్టలు మార్చుకున్న సైనికుడు మిలీషియాగా చెలామణీ కావడం పెద్ద కష్టమేమీ కాదు.

రెండోది మొదటి జాబితా. జోన్ ఏర్పడిన వారంలోనే రెండు వైపులా ఉన్న ప్రతి కందకం, బంకర్, చెక్‌పోస్ట్‌ను గ్రిడ్ రిఫరెన్స్‌తో (మ్యాప్ గళ్ల మీద స్థానం చెప్పే అంకెలతో) రాసి ఫొటో తీసి పెట్టుకోవాలి. ఇది లేకపోతే ఆరు నెలల తర్వాత కొత్తగా తవ్విన కందకాన్ని “ఎప్పటినుంచో ఉన్నదే” అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు. బంకర్ల లెక్క కన్నా నీళ్ల ట్యాంకర్ల రాకపోకలు, వంటపొగలు ఎక్కువ నిజం చెబుతాయి. ఖాళీ బంకర్ నీళ్లు తాగదు.

జీపీఎస్ సెట్టింగ్ రోజూ సరిచూడాలి. ఆ ప్రాంతపు పాత మ్యాపులు అడిందాన్ డేటమ్‌లో (డేటమ్ అంటే స్థానాలు లెక్కగట్టే ఆధారం) ఉంటాయి, జీపీఎస్ మామూలుగా డబ్ల్యుజీఎస్ 84లో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేస్తే స్థానం సుమారు 200 మీటర్లు జరుగుతుంది. గీత ఎక్కడన్నదే గొడవైన చోట ఆ తేడా చాలు, రిపోర్టు మొత్తం చెత్తబుట్టకు పోవడానికి.

గస్తీకి కనీసం రెండు బండ్లు, బండికి ఇద్దరు, ఆ ఇద్దరూ వేర్వేరు దేశాలవాళ్లు. దారి, చేరే వేళ ముందే సెక్టార్ కేంద్రానికి చెప్పి, అనుకున్న వేళలకు వైర్‌లెస్‌లో పలకరించాలి. నలిగిన బాట వదలకూడదు. వానల తర్వాత మందుపాతరలు నీటితో జరిగి వస్తాయి కాబట్టి నిన్నటి బాట కూడా మళ్లీ అడిగి తెలుసుకోవాల్సిందే. అనుమానం వస్తే అక్కడే ఆగి, వెనక బండిని ఆపి, కేంద్రానికి చెప్పాలి. తప్పనిసరిగా వెనక్కి రావాల్సి వస్తే వచ్చిన చక్రాల జాడల్లోనే రావాలి.

కాల్పులు వినిపిస్తే మొదట గడియారం చూడండి. మెరుపు కనిపించాక చప్పుడు వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. దిక్సూచితో బేరింగ్ (అది ఏ దిక్కున ఉందో డిగ్రీల్లో) తీసుకోవాలి. ఇంకో పోస్ట్ నుంచి రెండో బేరింగ్ వస్తే రెండు గీతలు కలిసే చోటే స్థానం. ఒక్క బేరింగ్‌తో “ఫలానా వాళ్లే కాల్చారు” అని రాయడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

రిపోర్టులో చూసినది, విన్నది, ఇతరులు చెప్పినది మూడు వేర్వేరు పేరాల్లో ఉండాలి. ఊరివాళ్ల పేర్లు రాయొద్దు. దుబాసీని సైనికుల ముందు సాక్ష్యం అడగొద్దు, మీరు వెళ్లాక అతను అక్కడే బతకాలి. నిరసన ముందు స్థానిక కమాండర్‌కు, తర్వాత సెక్టార్ ద్వారా ఇరుపక్షాలూ కూర్చునే సైనిక సమన్వయ కమిషన్‌కు అక్కడ వెళ్లేది.

గస్తీని ఆపేస్తే వాదించకండి. ఆపినవాడి హోదా, చెప్పిన కారణం, వేళ, చోటు రాసుకుని వెనక్కి తిరగండి. దాన్ని “వెళ్లలేకపోయాం” అని కాకుండా రాకపోకల నిరోధంగానే నమోదు చేయాలి. 2005 అక్టోబరులో ఎరిట్రియా తన గగనతలంలో ఐరాస హెలికాప్టర్లను ఆపేసినప్పుడు గస్తీ ఒక్కటే కాదు, క్షతగాత్రుల తరలింపు కూడా దెబ్బతింది. అలాంటప్పుడు రోడ్డు మీద ఆసుపత్రికి పట్టే సమయాన్ని కొలిచి, సకాలంలో చేర్చలేనంత దూరంలో ఉన్న పోస్టులను మూసేయాలి. ఏ పోస్ట్ మూస్తే ఏ లోయ కనుమరుగవుతుందో మ్యాప్ మీద గీసి, ఆ కాగితాన్ని పైకి పంపాలి.