మొక్కలో పిండిపదార్థం – పాఠం 3: అయోడిన్ చుక్క ఏం చెబుతుంది?

గత పాఠంలో బియ్యం కడిగిన నీళ్లను గ్లాసులో కదపకుండా ఉంచారు కదా, అడుగున తెల్లగా పేరుకున్నది పిండిపదార్థమే. చన్నీళ్లలో అది కరగలేదన్న సంగతి గుర్తుంచుకోండి. మొక్క దాన్ని దాచుకోగలిగేది అందువల్లే. ఆకు తాను తయారుచేసిన గ్లూకోజునంతా విడివిడిగానే నిల్వచేస్తే, ఆ చక్కెర నీటిని లాగి కణాన్ని ఉబ్బిస్తుంది. వేలాది గ్లూకోజులను గొలుసుగా గుచ్చి రేణువుగా మారిస్తే ఆ బెడద ఉండదు. కల్లంలో పరిచిన వడ్లను మిర్యాలగూడ రైతు బస్తాల్లోకి ఎత్తినట్టే ఇదీ.

ఆ గొలుసులు రెండు రకాలు. అమైలోజ్ కొమ్మలు దాదాపు లేని పొడవాటి పోగు. చుట్టుకు ఆరు గ్లూకోజుల చొప్పున స్ప్రింగులా మెలి తిరుగుతుంది. అమైలోపెక్టిన్ మాత్రం సుమారు ప్రతి 24 నుంచి 30 గ్లూకోజులకు ఒక కొమ్మ వేస్తుంది. మామూలు పిండిపదార్థంలో 70 నుంచి 80 శాతం ఇదే.

పాలమూరు ఇళ్లలో జొన్నరొట్టెకు పిండిని వేడినీళ్లతో ఎందుకు కలుపుతారో ఇక్కడే తెలుస్తుంది. జొన్నలో గోధుమలో ఉండే జిగురు లేదు. దాదాపు 70 డిగ్రీల వేడి తగిలితే రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, కొంత అమైలోజ్ బయటికి వస్తుంది, పిండికి పట్టు వస్తుంది. చన్నీళ్లతో కలిపి తట్టి చూడండి, అంచులు పగులుతాయి. పిండిపదార్థం గురించి నేను చదివిన వాటన్నిటికంటే ఆ పగుళ్లే నాకు ఎక్కువ నేర్పాయి.

ఇక నేటి సాధన. ఒక చెంచా గంజిని అరగ్లాసు నీళ్లలో కలిపి, వంటకు వాడని చిన్న స్టీలు గిన్నెలో పోయండి. మందుల దుకాణంలో గాయాలకు ఇచ్చే గోధుమరంగు అయోడిన్ మందు ఒక్క చుక్క వేయండి. ముదురు నీలం వస్తుంది. అమైలోజ్ చుట్టల నడుమ అయోడిన్ దూరి కూర్చోవడమే ఆ రంగుకు కారణం. అమైలోపెక్టిన్ ఒక్కటే ఉంటే ఎరుపు కలిసిన ఊదా రంగే వచ్చేది.

ఇప్పుడు సన్నని సెగ మీద పెట్టి, గిన్నె మీది నుంచి చూపు మరల్చకండి. వేడెక్కేకొద్దీ నీలం పలచబడి మాయమవుతుంది. వేడికి చుట్టలు వదులై అయోడిన్ జారిపోతుంది. రంగు పోగానే దించి, గిన్నెను చన్నీళ్లలో ఉంచండి. నీలం మళ్లీ మెల్లగా తేలుతుంది. తెర్లనివ్వకండి. మొదటిసారి నేను బాగా మరగనిచ్చాను, ఎంత చల్లార్చినా రంగు రాలేదు. అయోడిన్ ఆవిరితో పాటే వెళ్లిపోయింది. ఆ నీళ్లను పారబోయండి, ఎవరూ తాగకూడదు.

వచ్చే పాఠం ఆకు మీద. పగలు ఆకులో చేరిన పిండిపదార్థాన్ని మొక్క రాత్రి చక్కెరగా విడగొట్టి వేళ్లకూ చిగుళ్లకూ పంపుతుంది. దాన్ని కళ్లారా చూడాలి. అందుకు ఇప్పుడే పెరటి మందారంలో ఒక ఆకును చెట్టునే ఉంచి, సగభాగానికి నల్లకాగితం చుట్టి క్లిప్పు పెట్టండి. రెండు రోజులు అలాగే ఉండనివ్వండి. మూడో రోజు సాయంత్రం, ఎండ తగ్గకముందే కోయాలి.