సీజన్‌లో అరిచే ఇన్‌చార్జి: సమస్య ఎక్కడ, సరిచేసేది ఎలా

జూన్, జూలై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. గేటు బయట తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల లైన్ ఆగకూడదు. 'అరవకపోతే పని జరగదప్పా' అనే మాట ఎక్కువగా వినపడేది ఈ రోజుల్లోనే. కింది లక్షణాలు మీ షిఫ్టులో ఉన్నాయేమో చూసుకోండి.

లక్షణం: డ్రమ్ములు నిండాక గానీ తప్పు బయటపడదు

కాయ సరిగ్గా మాగకముందే లైన్‌కెక్కితే గుజ్జు బ్రిక్స్ (తీపి కొలత) 14 అందుకోదు. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే తెలిసిపోయే సంగతి ఇది. ల్యాబ్‌లో అమ్మాయి చూస్తుంది, చెప్దామని బయల్దేరుతుంది. అప్పటికే ఇన్‌చార్జి బాయిలర్ ఆపరేటర్‌ను "కళ్లు నెత్తికెక్కినాయా" అని నలుగురి ముందూ కడిగేస్తుంటాడు. ఆమె రిజిస్టర్ చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది.

కారణం: కబురు తెచ్చినవాళ్లకే తిట్లు పడతాయని అందరికీ తెలుసు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి టీముల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి టీముల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. ఆ టీముల వాళ్లు భయపడకుండా చెప్పగలిగారు, అందుకే లెక్కకు వచ్చాయి. మీ షిఫ్టులో తప్పులే లేవంటే సంతోషించే ముందు ఒకసారి అనుమానించండి.

పరిష్కారం: ఎవరైనా చెడు కబురు తెస్తే మీ మొదటి మాట "ఏ డ్రమ్ము నుంచి?" అని ఉండాలి. ముందు ఆ బ్యాచ్ పక్కన పెట్టించండి. ఎవరిది తప్పు అనేది షిఫ్టు అయ్యాక, గదిలో, ఆ మనిషితో మాత్రమే మాట్లాడండి. అలాగని మెత్తగా ఉండమని కాదు, తప్పును తప్పని చెప్పాల్సిందే. ఇక ఎవరి చెయ్యో గుజ్జు తీసే పల్పర్‌లోకి పోతుంటే గట్టిగా అరవండి, దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

లక్షణం: మీరు టీకి వెళ్తే లైన్ నత్తనడక

కారణం: నిర్ణయాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.

పరిష్కారం: ఎవరు ఏది ఆపొచ్చో షిఫ్టు మారేటప్పుడే చెప్పేయండి.

లక్షణం: సీజన్ మధ్యలో మనుషులు మానేస్తారు

కూలి చాలక అని మేనేజర్లు అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే. కానీ కాయలు ఏరే ఆడవాళ్లు ఒక ఊరి నుంచి ఒకే ఆటోలో వస్తారు. ఒకామెను బూతు మాట అంటే తెల్లారి ఆ ఆటో మొత్తం ఇంకో గేటు ముందు ఆగుతుంది.

పరిష్కారం: ఎంతమంది ముందు తిట్టారో అంతమంది ముందే "ఆ మాట అనుండకూడదు" అని చెప్పాలి. గదిలోకి పిలిచి చెప్పే క్షమాపణ లెక్కలోకి రాదు. లైంగికంగా అవమానించే మాటలైతే ఇది టెన్షన్ ఖాతాలోకి వెళ్లదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం అది వేధింపే. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి.

లక్షణం: మంచివాడే, సీజన్‌లో మాత్రం మారిపోతాడు

కారణం సాధారణంగా ఆయన జేబులోని ఫోన్‌లో ఉంటుంది. 'ఎన్ని టన్నులు అయింది' అని అరగంటకోసారి పైనుంచి అడుగుతుంటే ఆ వేడి కిందికే దిగుతుంది. రాత్రికి రెండో ఇన్‌చార్జిని పెట్టండి, టన్నుల లెక్క షిఫ్టుకు రెండుసార్లు మాత్రమే అడగండి.

తిట్లు పడేది మీరైతే, "సార్, పని గురించి అడగండి, చెప్తాను. ఆ మాట మాత్రం వద్దు" అని మామూలు గొంతుతోనే అనండి. ఆగకపోతే తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారో ఆ రోజే రాసుకుని హెచ్‌ఆర్‌కు కాగితం మీద ఇవ్వండి. చిన్న యూనిట్‌లో హెచ్‌ఆర్ లేకపోతే నేరుగా ఓనరుకే ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.