చిలగడదుంప సాగు: తీగ బాగున్నా దుంప చెడితే కారణం ఎక్కడుంది?

ఈ పంటతో చిక్కేమిటంటే మనం చూసేది తీగను, అమ్ముకునేది మట్టిలో ఉన్నదాన్ని. తవ్విన రోజున బయటపడే లోపాల్లో చాలావాటికి మూలం తొలి నెలన్నరలోనే ఉంటుంది. అందుకే కింద చెప్పిన పరిష్కారాల్లో కొన్ని ఈ పంటను కాపాడవు, వచ్చే పంటకే పనికొస్తాయి.

నాటిన తీగ ముక్కలు సగం చచ్చిపోయాయి

ముదురు తీగను మొదలు నుంచి కోసి నాటితే ఇంతే. కొసల నుంచి 20-30 సెంటీమీటర్ల పొడవున కోసిన ముక్కలు త్వరగా వేళ్లు తొడుగుతాయి. పైగా దుంపను తొలిచే ముక్కు పురుగు గుడ్లు ఎక్కువగా ఉండేది మొదలు దగ్గరి తీగలోనే. కోసిన ముక్కలను ఒకటి రెండు రోజులు నీడలో తడి గోనె కప్పి ఉంచి, రెండు మూడు కణుపులు మట్టిలోకి వెళ్లేలా సాయంత్రం పూట నాటండి. ఖాళీలుంటే రెండు వారాల్లోపే పూరించాలి. ఆలస్యంగా నాటినవి పక్క తీగల నీడలో పడి ఎదగవు.

తీగ చేనంతా కమ్మేసింది, కింద దుంప లేదు

అందరూ అడిగేది దీని గురించే. చాలామంది దుంప ఊరలేదని ఇంకాస్త యూరియా చల్లుతారు. దాంతో ఉన్న ఆశా పోతుంది.

దుంప అంటే పిండిపదార్థం నింపుకుని లావెక్కిన వేరు. ఏ వేరు దుంపవుతుంది, ఏది మామూలు వేరుగా మిగిలిపోతుంది అన్నది దాదాపు నాటిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనే తేలిపోతుంది. ఒక మొక్కను తవ్వి చూడండి. ఆకు ముదురు పచ్చగా ఉండి, కింద సన్నటి తెల్ల వేళ్లే ఉంటే నత్రజని ఎక్కువైంది. పెన్సిలంత లావున, పీచుపట్టి కర్రలా ఉన్న వేళ్లు కనిపిస్తే ఆ తొలి వారాల్లో నేల బాగా ఎండిపోవడమో, నీరు నిలిచి వేళ్లకు గాలి అందకపోవడమో, మట్టి గట్టిపడటమో జరిగింది. చెట్ల నీడ పడే చోట కూడా దుంప ఊరదు.

ఇప్పుడు చేయగలిగింది తక్కువే. నత్రజని ఎరువు ఆపేయండి. పాకిన తీగ కణుపుల దగ్గర వేళ్లు దిగుతుంటే ఎత్తి అటూ ఇటూ తిప్పి వేయండి. తీగ కోసి పశువులకు వేస్తే దుంప ఊరుతుందనే మాట నమ్మొద్దు. ఆకు తగ్గితే దుంపకు చేరే ఆహారమూ తగ్గుతుంది.

వచ్చే పంటకు మట్టి పరీక్ష చేయించి, బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. ముందు పంట పప్పుజాతిదైతే నత్రజని ఇంకా తగ్గించాలి. పొటాష్‌కు మాత్రం లోటు రానివ్వొద్దు. 25-30 సెంటీమీటర్ల ఎత్తు బోదెలు 60 సెంటీమీటర్ల ఎడంతో తోలితే నీరు జారిపోతుంది, దుంపకు గుల్ల మట్టి దొరుకుతుంది.

దుంపలు నిలువునా పగిలాయి

చాన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా నిండా నీరు పెట్టినందుకు. తడులు సమంగా ఇస్తే సరి. నీటిలో తేడా లేకపోయినా పగుళ్లొస్తే, సన్న వేళ్ల మీద చిన్న బుడిపెలున్నాయేమో చూడండి. ఉంటే అది నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్లను ఆశించే, కంటికి ఆనని సన్న పురుగుల) పని. పంట మార్చాల్సిందే, మధ్యలో బంతిపూల పంట వేసినా మేలే.

దుంప లోపల సొరంగాలు, చేదు

ఇది ముక్కు పురుగు. పెద్ద పురుగు చూడటానికి చీమలా ఉంటుంది: తల, రెక్కలు నీలి నలుపు, నడుమూ కాళ్లూ ఎరుపు. దుంపను తొలిచేది దాని పిల్ల, కాళ్లు లేని తెల్ల పురుగు. దాడికి గురైన దుంప తనను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారుచేస్తుంది, అందుకే కొద్దిగా తొలిచినా తినలేం.

తల్లి పురుగు మట్టిని లోతుగా తవ్వలేదు. నేల నెర్రెల గుండానే దుంపను చేరుతుంది. కాబట్టి లోపలున్న పురుగుకు అందని మందు కన్నా నెర్రెలు మూసేయడమే గట్టి వైద్యం. నెలకోసారి మట్టి ఎగదోయండి, నేల పగలకుండా తడి ఇవ్వండి. లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన లాంటి ఎర పెట్టినవి) మగ పురుగులను పట్టి ఉధృతి తగ్గిస్తాయి. పక్వానికి వచ్చాక దుంపను చేలో వదిలేయొద్దు. తవ్వాక మిగిలిన ముక్కలు, తీగ మొదళ్లు ఏరి నాశనం చేయండి. అదే చేలో వెంటనే మళ్లీ చిలగడదుంప వేస్తే పురుగును పెంచి పోషించినట్టే.

ఆకులు చిన్నవై, ముడతపడి, మొక్క గిడసబారింది

వైరస్. మందు లేదు. పేనుబంక, తెల్లదోమ దీన్ని మోస్తాయి. మొక్కను పీకేయండి, దాని తీగను విత్తనానికి వాడొద్దు.

తవ్విన వారానికే కుళ్లు

ముందు పక్వానికి రాకుండా తవ్వారేమో చూడాలి. దుంపను కోసినప్పుడు కారే పాలు తెల్లగానే ఆరితే పక్వమైనట్టు, ఆకుపచ్చ నలుపుకు తిరిగితే ఇంకా ఆగాలి. తవ్వేముందు కొద్ది రోజులు తీగ కోసి ఉంచితే తొక్క గట్టిపడి ఊడదు.

తర్వాత గాయాలు. గునపం తగిలిన చోట, తొక్క లేచిన చోట బూజు చొరబడి దుంపను మెత్తగా చేసేస్తుంది. గాయాలు మానాలంటే క్యూరింగ్ కావాలి: 29-32 డిగ్రీల వెచ్చదనం, గాలిలో 85-90 శాతం తేమ, నాలుగు నుంచి ఏడు రోజులు. నీడలో దుంపలు పరిచి, గాలి ఆడేలా తడి గోనెలు కప్పితే చాలావరకు కుదురుతుంది. గోనెలు తడిగా ఉండాలి గానీ దుంప మీద నీరు నిలవకూడదు. కడగొద్దు. మట్టిని చేత్తో దులిపితే చాలు. దెబ్బ తిన్నవి ముందే వేరుచేసి వెంటనే వాడేయండి.

నిల్వలో మొలకలు, లేదా ఉడికించినా మధ్యలో గట్టిగా

మొలకలొస్తే గది వెచ్చగా ఉంది. ఉడకకపోతే దుంప చలికి దెబ్బతింది. నిల్వకు సరైనది 13-16 డిగ్రీలు. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, పచ్చి దుంప అందులో పాడవుతుంది.

గుండ్రటి నల్ల మచ్చలు, చేదు

నల్ల కుళ్లు తెగులు. మచ్చ కోసేసి మిగతాది తినొచ్చనుకోకండి, చేదు చుట్టూ పాకి ఉంటుంది. బూజు పట్టిన దుంపల్లో పశువులకు హాని చేసే విషపదార్థాలు తయారవుతాయి కనుక దాణాగానూ వేయొద్దు. చేనికి దూరంగా లోతుగా పూడ్చి, ఆ దుంపలున్న బుట్టలను కడిగి ఎండబెట్టాకే మళ్లీ వాడండి.