కొబ్బరి ఈనెలతో తైహ మండపం: ఇంట్లో నమూనా కట్టే పద్ధతి

మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి స్కూల్ ఎగ్జిబిషన్ కోసం నా దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, బీజింగ్ కోటలో రాజుగారి పెద్ద మండపం ఉంటుందట కదా, అది చెక్కతో చేసిపెడతావా?" అని అడిగింది. చేసిపెట్టను, పక్కన కూర్చుంటే నీ చేత చేయిస్తాను అన్నాను. సాయంత్రాలు కూర్చుని రెండు నెలల్లో కట్టాం. అమలాపురం దగ్గర కాలవగట్టున నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. ఆ మండపం నమూనా కట్టడం నాకిది రెండోసారి. మొదటిది ఏమైందో తర్వాత చెబుతాను, ఎందుకంటే మీరు చెయ్యకూడని తప్పు అందులోనే ఉంది.

ఏ మండపం కడుతున్నామో ముందు తెలియాలి. ఆ బీజింగ్ రాజకోటనే నిషిద్ధ నగరం అంటారు. దాని మధ్యలో ఒకే ఎత్తరుగు మీద మూడు మండపాలు వరుసగా ఉంటాయి. అన్నిటికంటే ముందున్నదీ, పెద్దదీ తైహ మండపం. మింగ్ వంశపు యోంగ్‌లె చక్రవర్తి 1406లో పని మొదలుపెట్టించి 1420కి నగరమంతా పూర్తి చేయించాడు. 1421 మే నెలలో పిడుగు పడి మూడు మండపాలూ కాలిపోయాయి. గృహప్రవేశమై నాలుగు నెలలు కూడా కాలేదు. ఇరవై ఏళ్లపాటు ఆ చోటు ఖాళీగానే ఉండి, 1441కి మళ్లీ లేచాయి. 1557లో కాలితే 1562కి కట్టారు. 1597లో కాలితే 1627 దాకా పట్టింది. 1679లో తైహ మండపం మళ్లీ కాలింది. 1695లో మొదలుపెట్టి రెండేళ్లలో కట్టారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసేది ఆ కట్టడమే. కాబట్టి మీరు కట్టే నమూనా 1697 నాటి మండపానిది.

ఇన్నిసార్లు బూడిదైన ఇంటిని మళ్లీ ఎలా కట్టగలిగారు? కర్ర కాలిపోయింది, మొదట కట్టినవాళ్లు పోయారు. మిగిలింది కొలత. అందుకే పని కొలతతోనే మొదలుపెట్టండి.

కొలత

1695లో ఆ పనికి పెద్ద మేస్త్రి లియాంగ్ జియు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. కుర్రతనంలో ఫెంగ్ చియావ్ అనే పాత మేస్త్రి దగ్గర ఏళ్ల తరబడి సేవ చేశాడు. గురువు ఏమీ చెప్పలేదు. శిష్యుడు విసుక్కోలేదు. ఒకరోజు మిగతావాళ్లెవరూ లేనప్పుడు, ఇక నీకు చెప్పొచ్చు అని గురువు విద్యంతా చెప్పాడట. కాలిపోయిన మండపాన్ని లేపాల్సి వచ్చినప్పుడు లియాంగ్ జియు ముందుగా ఒక చిన్న మండపం చేశాడు. అడుగుకి అంగుళం చొప్పున. వాళ్ల అడుగుకి పది అంగుళాలే, అంటే అసలులో పదోవంతు. దాన్ని కొలిచి పనివాళ్లు పెద్దది కట్టారు. నేను మా నాన్నగారి దగ్గర మొదటి మూడేళ్లూ ఉలులు నూరడం, చెత్త ఎత్తడం తప్ప ఏమీ చేయలేదు. అందుకే ఆ ముసలాయన కథ విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

మనం పదోవంతు పెట్టుకుంటే ఇంట్లో పట్టదు. నూరోవంతు పెట్టుకోండి. అసలులో మీటరు మనకి ఒక సెంటీమీటరు, లెక్క తేలిక. మండపం పొడవు అంచులతో కలిపి సుమారు 64 మీటర్లు, లోతు 37, ఎత్తు 27. కింద అరుగు మరో 8 మీటర్లు. మనకి అవే సెంటీమీటర్లు.

ఒక అట్ట తీసుకుని స్తంభాల గళ్లు గీయండి. పొడుగున 12, లోతుకి 6, మొత్తం 72 స్తంభాలు. పొడుగున 11 ఖానాలు వస్తాయి, ఖానా అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం. మధ్య ఖానాకి 8.4 సెం.మీ. పెట్టండి, అది సింహాసనం ఎదుటి ఖానా. దానికి అటు నాలుగు, ఇటు నాలుగు ఖానాలకు 5.5 చొప్పున, చివరి రెండిటికీ 3.6 చొప్పున ఇవ్వండి. లోతుకి వరుసగా 3.6, 7.5, 11.1, 7.5, 3.6. అన్నీ సమానంగా గీస్తే పని సులువే కానీ, చూడగానే పాఠశాల షెడ్డులా ఉంటుంది. మధ్య ఖానా వెడల్పులోనే ఆ మండపం దర్జా ఉంది.

అరుగు

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. 18 మి.మీ. ప్లైవుడ్ మీద 9 మి.మీ.ది అంటిస్తే 2.7 సెం.మీ. వస్తుంది. అలాంటివి మూడు పెట్టండి. పైది 76కి 50, తర్వాతది 84కి 58, అడుగుది 92కి 66. తెల్ల రంగు వేయండి, అసలుది తెల్లరాయి. ఈ మండపాల వెనక మెట్ల మధ్య డ్రాగన్లు చెక్కిన ఒకే రాయి ఉంది, 16 మీటర్లకు పైగా పొడవు, రెండొందల టన్నులకు మించిన బరువు. అలాంటి రాళ్లను చలికాలంలో దారి పొడవునా బావులు తవ్వి, నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద లాగి తెచ్చారు.

స్తంభాలు

డిపోలో టేకు తుక్కు అడిగి తెచ్చుకోండి. మన కోనసీమలో గాలికి చెమ్మ ఎక్కువ, తెచ్చిన రోజే కోయొద్దు. వంటింటి అటక మీద నెల రోజులు ఆరబెట్టండి. వర్షాకాలంలో అసలు ఈ పని పెట్టుకోవద్దు.

12 మి.మీ. చదరం చీలికలు కోసి, నాలుగు మూలలూ చిత్రిక పట్టి ఎనిమిది పలకలు చేయండి. మళ్లీ మూలలు తీసి పదహారు చేయండి. అప్పుడు గరుకు కాగితంతో గుండ్రం చేస్తే సెంటీమీటరు లావు కచ్చితంగా వస్తుంది. నేరుగా గుండ్రం చేయబోతే స్తంభం కోడిగుడ్డులా తయారవుతుంది. లోపలి 40 స్తంభాలూ 12.7 సెం.మీ. పొడవు. చుట్టూ బయటి వరుసలో ఉన్న 32 పొట్టివి, వాటికి 7.5 పెట్టాను.

ఇంత పొడుగు టేకు దొరకలేదని బాధపడొద్దు. మింగ్ రాజుల కాలంలో స్తంభాలకు నాన్‌ము అనే చెట్టు వాడేవారు. అది సిచువాన్, గుయ్‌జౌ కొండల్లో పెరిగేది. వాగులకు వరద వచ్చేదాకా ఆగి దుంగలు దింపి, యాంగ్జీ నది మీదా, పెద్ద కాలువ మీదా బీజింగ్ చేర్చేవారు. ఏళ్లు పట్టేది. వెయ్యి మంది కొండెక్కితే ఐదువందల మందే దిగుతారని అక్కడి సామెత. ఏజెన్సీ నుంచి గోదావరి మీద వెదురూ కలపా తెప్పలు కట్టి రాజమండ్రి దాకా దింపడం మా నాన్నగారు చూశారు. వరదలో తెప్ప తిరగబడితే ఏమవుతుందో ఆయన చెప్పేవారు. అందుకే ఆ సామెత నాకు వేరే దేశం మాటలా అనిపించదు.

మింగ్ తర్వాత వచ్చిన ఛింగ్ వంశంలో కాంగ్‌షీ చక్రవర్తి నాటికి అంత పెద్ద నాన్‌ము చెట్లు అరుదైపోయాయి. జనం పడే కష్టం చూసి ఆయన ఆ కొట్టుడు ఆపించి, ఉత్తరాది పైన్ కర్ర చాలన్నాడు. అంత లావు పైన్ దుంగలూ దొరకవు కాబట్టి నడుమ ఒక దుంగ పెట్టి, చుట్టూ ముక్కలు చేర్చి, ఇనప పట్టీలు బిగించి స్తంభాలు చేశారు. పైన జనపనార చుట్టి, ఇటుక పొడీ నూనే కలిపిన ముద్ద మెత్తి, ఎర్ర రంగు వేశారు. ఆ అతుకుల స్తంభాలే మూడువందల ఏళ్లకు పైగా ఆ కప్పుని మోస్తున్నాయి. మీరూ రెండు ముక్కలు అతికించి స్తంభం చేయొచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. సింహాసనం చుట్టూ ఆరు స్తంభాలకు బంగారు రంగు, మిగతావాటికి ఎరుపు.

స్తంభాన్ని అరుగులోకి దించి పాతొద్దు. అసలుది రాతి దిమ్మ మీద కూర్చుంటుంది. మన మండువా ఇళ్లలోనూ అంతే కదా, కర్రకి నేల చెమ్మ తగలకూడదు. 2 మి.మీ. లోతు గుంట చేసి అందులో నిలబెడితే చాలు. జిగురు వద్దు. ముక్కకి ముక్క కలిసే కీళ్లలో ఎక్కడా వద్దు.

డౌగాంగ్: ఒక్కటైనా పెద్దది చేయండి

స్తంభాల మీద దూలాలకూ చూరుకీ మధ్య కుప్పలుగా పేర్చినట్టు కనిపించే చెక్కల కట్టుని డౌగాంగ్ అంటారు. నూరోవంతు నమూనాలో దాన్ని నిజంగా చేయలేం. పట్టీలు అంటించి రంగు వేసేయండి. కానీ అది తెలియకుండా ఈ మండపం తెలిసినట్టు కాదు, కాబట్టి చేతిలో పట్టేంత పెద్దది ఒకటి విడిగా చేయండి. నా మాట విని ఈ పనికి ఒక ఆదివారం పూర్తిగా పెట్టండి.

అడుగు దిమ్మలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడి వెడల్పుని డౌకౌ అంటారు. మండపమంతా దాని లెక్కే. 1734లో ఛింగ్ ప్రభుత్వం ఈ లెక్కలన్నీ పుస్తకంగా వేసింది. గాడి వెడల్పు 2 సెం.మీ. అనుకోండి. దిమ్మ దానికి మూడు రెట్లు, అంటే 6 సెం.మీ. చదరం. ఎత్తు రెండు రెట్లు, 4 సెం.మీ. దిమ్మ పైన కూడిక గుర్తులా రెండు గాడులు 1.6 లోతున తీయండి. వాటిలో కూర్చునే చేతులు రెండు. ఒక్కోటి 2 మందం, 2.8 ఎత్తు, 12.4 పొడవు. రెండూ కలిసే చోట ఒకదానికి పైనుంచి సగం, ఇంకోదానికి కిందనుంచి సగం కొయ్యండి. ఒకదాంట్లో ఒకటి దిగి దిమ్మలో కూర్చుంటాయి. చేతుల కొనల మీద చిన్న దిమ్మలు పెట్టి, సన్నని వెదురు పుల్లలతో నిలపండి. వాటి మీద మళ్లీ చేతులు. మేకు లేదు. అదే లెక్కన బయటి స్తంభం లావు ఆరు డౌకౌలు, ఎత్తు అరవై. ఒక్క గాడి వెడల్పు చెబితే చాలు, వేల మైళ్ల అవతల ఉన్న వడ్రంగి కూడా ఇల్లు మొత్తం కోసేయగలడు.

పూర్తయ్యాక దాని మీద ఇటుక పెట్టి బల్లని ఊపండి. ముక్కలు కొంచెం కొంచెం కదిలి మళ్లీ సర్దుకుంటాయి. 1976లో తాంగ్‌షాన్ భూకంపం బీజింగ్‌ని ఊపినప్పుడు కూడా ఈ మండపం నిలబడింది. ఆ ఎగ్జిబిషన్ అమ్మాయి ఇరవైసార్లు ఊపి చూసింది. నేను వద్దనలేదు.

కప్పు

కప్పు రెండు అంతస్తులు. కింది చూరు బయటి స్తంభాల మీద, పై కప్పు లోపలి స్తంభాల మీద. నాలుగు వైపులా వాలు. మన పెంకుటింటి వాలు తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. వాళ్లది కొప్పు దగ్గర నిటారుగా మొదలై చూరు దగ్గరికి వచ్చేసరికి పడుకుంటుంది. దానికీ లెక్క ఉంది. చూరు నుంచి కొప్పు దాకా అడ్డంగా మూడు సమాన భాగాలు చేయండి. మొదటి భాగంలో పదికి ఐదు చొప్పున లేపాలి, రెండోదాంట్లో పదికి ఏడు, మూడోదాంట్లో పదికి తొమ్మిది. మనకి ఒక్కో భాగం 4.4 సెం.మీ., కాబట్టి 2.2, 3.1, 4 లేస్తుంది. ఆ చుక్కల మీద వాసాలు పెడితే ఒంపు దానంతటదే వస్తుంది.

పెంకులకు కొబ్బరి ఈనెలు. ఇది నేను కనిపెట్టుకున్నది, చెప్పడానికి గర్వంగానే ఉంది. సన్నని అట్ట మీద పచ్చి ఈనెలను మూడేసి మిల్లీమీటర్ల ఎడంతో కొప్పు నుంచి చూరుకి అంటించండి. ఎండిన చీపురు పుల్ల విరుగుతుంది, పచ్చిది ఆ ఒంపుకి ఒదుగుతుంది. ఇక్కడ మాత్రం జిగురు తప్పదు. వారం ఆరాక పసుపు రంగు వేయండి, పసుపు చక్రవర్తి రంగు. మూలల కొప్పుల మీద ఎంసీల్‌తో చిన్న జంతువులు చేసి పెట్టండి. ఒక్కో మూలకి పది. మిగతా భవనాలకు తొమ్మిదో, ఏడో, ఐదో ఉంటాయి. పది ఉన్నది దీనికొక్కదానికే.

పక్కలకు చెక్క వసారాలు పెట్టకండి, ఎర్ర అట్టతో గోడలు పెట్టండి. 1679లో నిప్పు వంటశాలలో పుట్టి, చెక్క వసారాల వెంట పాకి మండపాన్ని అంటుకుంది. మళ్లీ కట్టినప్పుడు ఆ వసారాలు తీసేసి గోడలు పెట్టారు. అరుగు మీద నాలుగైదు నీళ్ల గంగాళాలు కూడా పెట్టండి, నగరమంతా కలిపి అలాంటివి 308 ఉండేవి.

ఎగ్జిబిషన్‌కి టైమ్ చాలదని టెన్షన్ పడుతుంటే ముందు భాగం ఒక్కటే అట్టతో చేసినా తప్పు లేదు. 1889లో చక్రవర్తి పెళ్లికి కొద్ది వారాల ముందు ఈ మండపం ఎదుటి ద్వారం కాలిపోతే, పనివాళ్లు కాగితంతో అచ్చం అలాంటి ద్వారమే నిలబెట్టారు. పెళ్లి జరిగింది. నిజం ద్వారం తర్వాత కట్టుకున్నారు.

విప్పడం

ఇప్పుడు నా మొదటి నమూనా సంగతి. పదేళ్ల కిందట చేశాను. జిగురు పెట్టి బిగించేశాను, కొలతలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక వానాకాలం షెడ్డు కారింది. స్తంభాలు వంగాయి, జిగురు ఊడింది, నోటుబుక్కు ముద్దయింది. కర్ర మళ్లీ దొరికింది. కొలతలు మళ్లీ వెతుక్కోవడానికి నాకు ఏడాది పట్టింది. అప్పుడు మా నాన్నగారు గుర్తొచ్చారు. 1996 తుఫానులో మా ఊళ్లో ఒక మండువా ఇంటి కప్పు లేచిపోతే, పడిన దూలాలూ వాసాలూ ఏరి, ప్రతి ముక్క మీదా బొగ్గుతో తూ1, తూ2, ప1 అని రాసి, అదే ఇంటిని అదే కర్రతో లేపారాయన. ఆయన పక్కనే ఉండి కూడా నేను ఆ పని చేయలేదు.

అందుకని మండపం నిలబడ్డాక ఒకసారి మొత్తం విప్పండి. ప్రతి ముక్క అడుగునా దిక్కూ వరుసా రాయండి. మళ్లీ పేర్చండి. అరుగుని తిరగేసి ఖానాల కొలతలు, స్తంభాల ఎత్తులు, కప్పు లెక్క, డౌకౌ, అన్నీ చెక్క మీదే రాయండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, తడి తగిలితే ఇంకు పాకుతుంది. అదే లెక్కని ఇంకో కాగితం మీద రాసి వేరే ఇంట్లో ఉంచండి. మాది ఆ అమ్మాయి దగ్గర ఉంది.