చెట్టెక్కి చేసే పని – అయిదవ పాఠం: దుంగను మోకుతో దించడం

కిందటి పాఠంలో కొమ్మను మూడు గాట్లతో కోసి నేరుగా నేలకు వదలడం చూశాం. చెట్టు కింద ఖాళీ స్థలం ఉన్నంతవరకు అంతకన్నా సులువైన, క్షేమమైన పద్ధతి లేదు. అయితే కింద ఇంటి పైకప్పో, ప్రహరీ గోడో, కాపాడుకోవలసిన మరో చెట్టో ఉన్నప్పుడు, కోసిన ప్రతి ముక్కనూ మోకుకు కట్టి దించక తప్పదు. ఈ పాఠంలో రంపం పట్టిన వ్యక్తి గురించి తక్కువగా, కింద మోకు పట్టిన వ్యక్తి గురించి ఎక్కువగా చెబుతాను. దుంగ ఊడిన క్షణం నుంచి చెట్టుపై ఉన్న మనిషి చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఆయన పట్టుకుని ఉన్న మాను ఎంత ఊగుతుందో, కప్పీ మీద ఎంత భారం పడుతుందో కింది చేతులే నిర్ణయిస్తాయి. కొన్ని బృందాలలో అనుభవజ్ఞులంతా రంపాల దగ్గర ఉండి, ఆ రోజే చేరిన మనిషికి మోకు అప్పగిస్తారు. అది తలకిందుల ఏర్పాటని నా గట్టి అభిప్రాయం.

మోకు దారి

మోకు ఒక కొన దుంగకు కట్టి ఉంటుంది. అక్కడి నుంచి మోకు మానుకు బిగించిన కప్పీ గుండా తిరిగి, కిందికి వచ్చి, చెట్టు మొదలుకు కట్టిన ఉక్కు డ్రమ్ముకు చుట్లు చుట్టుకుని, ఆ తర్వాత కింది వ్యక్తి చేతికి చేరుతుంది. డ్రమ్ము లేనప్పుడు మాను మొదలుకే చుట్టేవారూ ఉన్నారు. కానీ బెరడు గరుకుదనం ఒక్కో చెట్టుకు ఒక్కో రకంగా ఉండడం వల్ల ఎంత పట్టు దొరుకుతుందో ముందుగా తేల్చుకోవడం కష్టం, పైగా మోకు త్వరగా పాడవుతుంది.

కోయబోయే కొమ్మకన్నా ఎత్తులో గట్టి పంగ ఉంటే కప్పీని అక్కడ కట్టాలి. మోకు ముందే బిగుతుగా ఉంటుంది కాబట్టి, కోత పూర్తయినప్పుడు కొమ్మ మోకు మీద వాలుతుందే తప్ప పడిపోదు. కొమ్మ మొదలు వైపు కడితే చిగురు భాగం ముందుగా కిందికి వాలుతుంది, చిగురు వైపు కడితే మొదలు ముందుగా దిగుతుంది; చుట్టుపక్కల ఏ వైపు ఖాళీ ఉందో చూసి ఎంచుకోవడమే. అసలు చిక్కు కొమ్మలన్నీ అయిపోయి నిలువు మాను మాత్రమే మిగిలినప్పుడు మొదలవుతుంది. అప్పుడు పైన కప్పీ కట్టడానికి చోటుండదు కనుక కోతకు కాస్త దిగువన కడతారు. దుంగ కప్పీకి పైనుంచి ఒరిగి, దానిని దాటి కిందికి పడి, ఆ తర్వాతే మోకును బిగిస్తుంది. అంటే దుంగ బరువు కేంద్రం కనీసం దుంగ పొడవంత దూరం ఏ పట్టూ లేకుండా పడుతుంది. పాఠంలో మిగిలిన భాగమంతా ఈ సందర్భం గురించే.

ముందు బరువు, తర్వాత రంపం

పచ్చి కలప బరువు చాలా జాతుల్లో ఘనమీటరుకు 800 నుంచి 1,100 కిలోల మధ్య ఉంటుంది. అంచనాకు 1,000 కిలోలుగా పెట్టుకుంటే లెక్క సులువు. 40 సెంటీమీటర్ల అడ్డుకొలత, ఒక మీటరు పొడవు ఉన్న దుంగ సుమారు 125 కిలోలు తూగుతుంది. అడ్డుకొలత రెట్టింపైతే బరువు నాలుగు రెట్లవుతుందని మరిచిపోకూడదు. మాను కిందికి దిగేకొద్దీ లావవుతుంది కాబట్టి, పైన కోసిన పొడవే కింద కూడా కోయడమన్నది ప్రమాదకరమైన అలవాటు.

దుంగ పొడవును సగం చేస్తే బరువు సగమవుతుంది. అంతేకాక, దుంగ పట్టులేకుండా పడే దూరం కూడా దాదాపు సగమవుతుంది. కాబట్టి మోకు బిగిసే సమయానికి దుంగలో చేరిన శక్తి సుమారు నాలుగోవంతుకు పడిపోతుంది. పనిలో ఒక కోత పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ ఒక్క కోతకు పట్టే నిమిషాలకు బదులుగా ఇంత తగ్గింపు ఇచ్చే ఉపాయం ఈ వృత్తిలో మరొకటి నాకు తెలియదు.

ఆపడం వేరు, నిదానింపజేయడం వేరు

పైన చెప్పిన 125 కిలోల దుంగ ఒక మీటరు పడిన తర్వాత మోకు బిగిసిందనుకుందాం. కింది వ్యక్తి మోకును గట్టిగా బిగబట్టి, దుంగను 20 సెంటీమీటర్లలోనే ఆపేశారు. దుంగ మొత్తం 1.2 మీటర్లు దిగింది, ఆ శక్తినంతా మోకు 0.2 మీటర్లలో మింగవలసి వచ్చింది; కనుక మోకు మీద సగటున దుంగ బరువుకు ఆరు రెట్లు, అంటే 750 కిలోల భారం పడుతుంది. అదే దుంగను 2 మీటర్ల మేర మోకును వదులుతూ ఆపితే, మొత్తం దిగిన 3 మీటర్లను 2తో భాగించగా ఒకటిన్నర రెట్లు వస్తుంది. భారం 190 కిలోలకు మించదు. ఇవి సగటు లెక్కలు మాత్రమే. ఒక్కసారిగా ఆపినప్పుడు క్షణకాలం తగిలే పోటు ఇంకా ఎక్కువగా ఉంటుంది.

కప్పీ సంగతి ఇంకొకటి ఉంది. దుంగ వైపు మోకు, డ్రమ్ము వైపు మోకు రెండూ కప్పీని కిందికే లాగుతాయి కాబట్టి, కప్పీ మీద, అది కట్టిన మాను మీద మోకు భారానికి దాదాపు రెట్టింపు పడుతుంది. మొదటి సందర్భంలో అది 1,500 కిలోలకు చేరువ, రెండవ సందర్భంలో 400 లోపు. చెట్టు అదే, దుంగ అదే, రంపం అదే. మారినది కింది వ్యక్తి మోకును వదిలిన తీరు ఒక్కటే. ఆ మాను చివరనే ఒక మనిషి నడుము తాడుతో కట్టుకుని ఉన్నారని గుర్తుంటే, ఈ లెక్క కాగితం మీద లెక్కగా మిగిలిపోదు.

అందుకే మాను ఎత్తు తగ్గేకొద్దీ పని తేలికవుతుందనుకోవడం పొరపాటు. దుంగను నిదానింపజేయడానికి కింద ఖాళీ దూరం కావాలి. నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తుకు చేరేసరికి మాను అత్యంత లావుగా ఉంటుంది, మోకు వదలడానికి దూరం మిగలదు. అక్కడ దుంగలు మరీ పొట్టిగా కోయాలి.

చుట్లు ఎన్ని

డ్రమ్ముకు చుట్టిన ప్రతి చుట్టూ చేతి మీద పడే భారాన్ని భాగిస్తుంది. ఒరిపిడి గుణకం, అంటే మోకుకూ డ్రమ్ముకూ మధ్య ఒరిపిడి ఎంతో చెప్పే సంఖ్య, 0.25 అనుకుంటే ఒక చుట్టుతో సుమారు అయిదోవంతు, రెండు చుట్లతో సుమారు ఇరవై మూడోవంతు, మూడు చుట్లతో నూటపదోవంతు చేతికి అందుతుంది. 125 కిలోల దుంగకు రెండు చుట్లు వేస్తే చేతిలో అయిదారు కిలోల లాగుడు తెలుస్తుంది. అది చేతికి బాగా అదుపులో ఉండే బరువు. మూడు చుట్లు వేస్తే ఒక కిలో చాలు కాబట్టి క్షేమమనిపిస్తుంది, కానీ మోకు చుట్లలోనే బిగుసుకుపోయి, వదలాలనుకున్నా జారదు. తడి మోకు, కొత్త మోకు, మట్టి పట్టిన మోకు వేర్వేరుగా జారుతాయి కనుక, ప్రతిరోజూ మొదట ఒక చిన్న దుంగతో పట్టు చూసుకోవాలి.

ఇప్పుడు చేతుల సంగతి. కింది వ్యక్తి చేతితొడుగులు, హెల్మెట్ ధరించి, దుంగ పడే చోటికి దూరంగా, డ్రమ్ముకు ఒక పక్కగా నిలబడాలి. వదులుగా ఉన్న మోకు వెనుక శుభ్రంగా పరుచుకుని ఉండాలి. దాని మీద గాని, దాని చుట్ల మధ్య గాని అడుగు పెట్టకూడదు. మోకును చేతికి, నడుముకు చుట్టుకోవడం ఎప్పటికీ పనికిరాదు. చూపు దుంగ మీదనే ఉండాలి. దుంగ ఒరగడం మొదలుపెట్టగానే వేళ్ల పట్టు సడలించాలి, చేయి మాత్రం తీసేయకూడదు. దుంగ కప్పీని దాటగానే మోకు తొడుగుల గుండా పరుగెడుతుంది, అరచేతికి వేడి తెలుస్తుంది. ఆ పరుగును మొదట సాగనిచ్చి, దిగవలసిన దూరంలో సగం దాటాక వేళ్లను కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. సరిగా చేసినప్పుడు దుంగ ఏ క్షణాన ఆగిందో చెప్పడం కష్టమవుతుంది, మాను చివర ఒక్కసారి మెల్లగా ఊగి నిలుస్తుంది.

చెట్టుపై ఉన్న వ్యక్తి పాటించవలసినవి కొన్నే, కానీ అన్నీ తప్పనిసరి. దుంగకు జారుడు బౌలైన్ ముడి (లాగేకొద్దీ బిగుసుకునే ఉచ్చు ముడి) వేసి, దానికి తోడుగా కాస్త ఎడంగా మరో చుట్టు ముడి వేయాలి. ఒకటి జారినా రెండవది పట్టుకుంటుంది. రంపం ఆడుతున్నంతసేపు ఎక్కే తాడు, నడుము తాడు రెండూ కట్టి ఉండాలి, ఆ రెండూ కప్పీ కట్టుకు దిగువన ఉండాలి. “సిద్ధమేనా?” అని అడిగి, కిందినుంచి “సిద్ధం, కొయ్యండి” అన్న జవాబు చెవిన పడితేనే చివరి గాటు వేయాలి. చేయి ఊపడం, తల ఊపడం జవాబు కిందికి రాదు. మాను లోపల పుచ్చి ఉంటే, రెండవ పాఠంలో చెప్పినట్టు, దానికి కప్పీ కట్టనే కూడదు.

మోకు మీద తయారీదారు రెండు సంఖ్యలు ఇస్తే, చూడవలసినది పని భారం (పనిలో మోకు మీద వేయదగిన గరిష్ఠ భారం), తెగే భారం కాదు. ముడి వేసిన చోట మోకు బలం గణనీయంగా తగ్గుతుంది. పని ముగిశాక మోకును జానెడు జానెడుగా వేళ్ల మధ్య జరుపుతూ చూడాలి. ఒరిపిడి వేడికి పోగులు కరిగిన చోట మోకు గట్టిపడి, నిగనిగలాడుతూ, గాజులా నున్నగా తగులుతుంది. అలాంటి చోటు కనిపించిన మోకును దించే పనికి ఇక వాడకూడదు.

అభ్యాసం

ఈ పాఠం చదివి నేరుగా మాను మీద పని మొదలుపెట్టవద్దు. గట్టి చెట్టుకు తలకు కాస్త పైన ఉన్న పంగకు కప్పీ కట్టి, చెట్టు మీద ఎవరూ లేకుండా, 30 కిలోల దుంగను పైకి లాగి దించండి. మొదట ఒక చుట్టుతో, తర్వాత రెండు చుట్లతో చేసి, చేతిలో లాగుడు ఎంత మారిందో గమనించండి. దుంగను శబ్దం లేకుండా, ఏ క్షణాన ఆగిందో తెలియనంత మెల్లగా ఆపగలిగేవరకు కొనసాగించండి. పని తెలిసిన మనిషి పక్కన ఉంటేనే ఇది చేయాలి.

కాగితం మీద చేయవలసిన లెక్క: 50 సెంటీమీటర్ల అడ్డుకొలత, 1.2 మీటర్ల పొడవు గల దుంగ 1.5 మీటర్లు పట్టులేకుండా పడింది. దాన్ని 30 సెంటీమీటర్లలో ఆపితే మోకు మీద సగటు భారమెంత? 3 మీటర్లలో ఆపితే ఎంత? దుంగ బరువు సుమారు 235 కిలోలు, భారం మొదటి సందర్భంలో 1,400 కిలోలు, రెండవ సందర్భంలో 350 కిలోలు రావాలి. కప్పీ మీద పడే భారాన్ని మీరే కట్టి, ఆరవ పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి; కప్పీ కట్టే పట్టీని ఎంచుకోవడం ఆ సంఖ్యతోనే మొదలవుతుంది.