సైకిల్ టైరు కొనేటప్పుడు బుడిపెలు చూసి మోసపోకండి

టైర్ల షాపులో అందరి చూపూ ముందు బుడిపెల మీదే పడుతుంది, అవి ఎంత పెద్దగా ఉంటే అంత గట్టి పట్టు అని ఒక నమ్మకం. తారురోడ్డు మీద నడిపే సైకిల్‌కి ఇది పూర్తిగా తప్పు. రోడ్డు తడిసి ఉన్నా సరే, నున్నటి టైరే బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే రబ్బరు ఎంత ఎక్కువగా రోడ్డుకి ఆనితే అంత పట్టు. నీటి పొర మీద తేలి జారిపోవడం కారు టైరుకి ఉండే సమస్య. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, వేగమూ తక్కువే కాబట్టి మనకి ఆ భయం అక్కర్లేదు. (తడిసిన పెయింటు గీతలూ, మ్యాన్‌హోల్ ఇనుప మూతల సంగతి వేరే, వాటి మీద ఏ టైరైనా జారుతుంది.) బుడిపెల టైరుతో తారు మీద వెళ్తే అవి అటూ ఇటూ వంగుతూ బర్రుమంటాయి, తొక్కిన బలంలో కొంత వాటికే పోతుంది.

కాబట్టి ముందు చూడాల్సింది వెడల్పు, తర్వాత గాలి, చివర్లో బుడిపెలు.

ఇప్పుడున్న టైరు పక్క గోడ మీద 37-622 లాంటి అంకె ఒకటి ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం. వెడల్పు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ రెండో అంకె మాత్రం అచ్చంగా అదే ఉండాలి. అంగుళాల లెక్క నమ్మితే చిక్కే: 26 × 1.75 అంటే రెండో అంకె 559, 26 × 1 3/8 అంటే 590, రెండూ '26' టైర్లే కానీ ఒకదాని రిమ్ముకి ఇంకోటి పట్టదు. 700సీ, 29 అంగుళాలు అనేవి మాత్రం పేర్లు వేరైనా రెండూ 622. వెడల్పు పెంచాలనుకుంటే ఫోర్కుకీ, వెనక ఫ్రేముకీ, బ్రేకుకీ టైరు తగలకుండా రెండు వైపులా కనీసం 5 మి.మీ. ఖాళీ ఉంటుందో లేదో చూసుకోండి.

రోడ్డు నున్నగా ఉండి వేగమే కావాలంటే 25 నుంచి 32 మి.మీ. చాలు. గుంతలూ అతుకులూ ఉన్న రోడ్డయితే 35 నుంచి 40 వేసుకోండి, నడుముకి హాయి, వేగం కూడా అనుకున్నంత తగ్గదు. సగం తారు, సగం కంకర లేదా గట్టి మట్టిబాట అయితే 38 నుంచి 45 మధ్యలో, నడిమి భాగం నున్నగా, అంచుల్లో చిన్న బుడిపెలు ఉన్న రకం తీసుకోండి. ఒక్క టైరుతోనే అన్నీ నడిపించాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఇదే. రాళ్లూ వేర్లూ ఉండే కొండబాటలకి 2.1 నుంచి 2.4 అంగుళాల బుడిపెల టైరు, అక్కడ దాని విలువ తెలుస్తుంది. బురదలో బుడిపెలు ఎడంగా ఉండాలి, దగ్గరగా ఉంటే మధ్యలో మట్టి ఇరుక్కుని కాసేపటికి అది కూడా నున్నటి టైరే అయిపోతుంది. వదులు ఇసుకకి బుడిపెలు పెద్దగా పనికిరావు, వెడల్పూ తక్కువ గాలీ కావాలి.

గాలి విషయంలో బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోవద్దు, మీటరున్న పంపు వాడండి. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో సుమారు 75 పీఎస్ఐ (మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత), 40 మి.మీ.లో 40, ట్యూబుతో ఉన్న 2.25 అంగుళాల దానిలో 28 దగ్గర మొదలుపెట్టి చూడండి. బరువు ఎక్కువగా పడేది వెనకే కాబట్టి వెనక నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ ఉండాలి. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠాల్లో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. రాళ్ల మీద వెళ్లొచ్చాక ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు కనిపించాయంటే ముల్లు కాదు, గాలి చాలక రిమ్ము అంచు ట్యూబుని నొక్కేసిందని అర్థం.

ముళ్లూ గాజుపెంకులూ ఎక్కువుండే దారైతే లోపల రక్షణ పట్టీ ఉన్న టైరు కొనండి, కాస్త బరువు, కాస్త బిరుసు, అయినా రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఆ టెన్షన్ ఉండదు. పంక్చరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా పాత నూలుగుడ్డతో ఒకసారి తుడవండి, కంటికి కనపడని ముల్లు ముక్క ఉంటే గుడ్డ దారం దానికి తగులుకుంటుంది.

రెండు టైర్లూ ఒకేలా ఉండాలని రూలేమీ లేదు. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే ఉంటాం, అందుకే మంచి పట్టున్నది ఎప్పుడూ ముందుకే. వెనకది అరిగి మార్చాల్సి వస్తే, ముందున్నది ఇంకా బాగానే ఉంటే దాన్ని వెనక్కి వేసి కొత్తది ముందు పెట్టండి. బిగించేటప్పుడు పక్కన బాణం గుర్తుంటే అది చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూసుకోండి.